పగలగొట్టని గిటారు

టాలీగంజ్, కలకత్తా
6 నవంబర్ 1996, బుధవారం

ప్రియమైన నాన్నకు,

తీతు రాస్తున్నాను. సుందర్ రాజు వాళ్ల చిన్నాన్న ఇంట్లో ముందుగదిలో ఉంటున్నాను, తిండికి లోటు లేదు, జలుబు తగ్గింది. లోకల్ రైలెక్కి మూడు గంటల్లో ఇంటికి రాగలిగినవాడికి ఉత్తరం రాయడమేమిటని అమ్మ అడుగుతుంది. ఎదురుగా చెప్పలేకే రాస్తున్నాను. నీ ముందు కూర్చుంటే నువ్వు "ముందు తిను" అంటావు. తిన్నాక ఇక నాకు నోరు పెగలదు. అందుకని ఈ ఉత్తరం రైలు గార్డు నూకరాజు మావయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వొక్కడివే చదువు. అమ్మకు చెప్పాలో వద్దో తరువాత నీ ఇష్టం.

ఇది ఏప్రిల్‌లో మొదలైంది. ఇక్కడి క్యాసెట్ కంపెనీవాళ్లు ఊరూరి బ్యాండ్లను పిలిచి, వాటిలో మూడింటిని ఎంచి, వాళ్ల ఖర్చుతోనే వీడియో తీయించి పాటల ఛానెల్‌లో వేయిస్తామంటే మేం ముగ్గురం వెళ్లాం కదా. నేను, డ్రమ్స్ వాయించే సుందర్ రాజు, కీబోర్డు వాయించే ఆలిస్. పాడటం అయ్యాక ఒక్కొక్క బ్యాండునూ లోపలి గదిలోకి పిలిచి "మీ కథ ఏమిటి?" అని అడిగారు. పాట గురించి కాదు, మా గురించి. మాకంటే ముందు వెళ్లొచ్చినవాళ్లు వరండాలో చెప్పుకుంటుంటే విన్నాను. ఒకడు పదిహేనో ఏట ఇంట్లోంచి పారిపోయాడట. ఇంకొకడి తండ్రి క్యాసెట్లన్నీ పెరట్లో కుప్పపోసి తగలబెట్టాడట. నాకేముంది చెప్పుకోవడానికి? మన ఖరగ్‌పూర్ సౌత్ సైడ్‌లో ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ సామాన్లు అమ్మేస్తుంటే, వెళ్లినవాళ్లందరూ బీరువాలూ మంచాలూ బేరమాడుతుంటే, మా నాన్న ఒక గిటారు పట్టుకొచ్చాడు. సైకిలు సీటు మీద దాన్ని పడుకోబెట్టి, తను ఎక్కకుండా నిమ్‌పురా దాకా నడిపించుకుంటూ వచ్చాడు. ఇది చెబితే వాళ్లు ఆవులిస్తారు. "మా నాన్న రైల్వే సుత్తితో నా గిటారు పగలగొట్టాడు" అని చెప్పాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. కానీ వచ్చాక వెనక్కి తీసుకోలేదు. బల్లకు అవతల కూర్చున్న నలుగురూ ఒక్కసారిగా ముందుకు వంగారు. ఏం సుత్తి, ఎంత పెద్దది, నీ వయసెంత అప్పుడు అని అడిగారు. అన్నిటికీ జవాబులు చెప్పాను నాన్నా. తడుముకోలేదు కూడా. రైలు ఆగగానే ఒక్కో చక్రాన్ని సుత్తితో తట్టి, మోత వినే ఉద్యోగం మా నాన్నది అని చెప్పాను. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది చచ్చు శబ్దం చేస్తుంది, ఆ చెవితో నా పాట విని ఇది పనికిరాదని కొట్టేశాడు అన్నాను. వాళ్లలో ఒకావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. బయటికి రాగానే ఆలిస్ నన్ను పట్టుకుంది.

"ఏటి తీతూ, ఆమోసు మావయ్య గిటారెప్పుడు పగలగొట్టినాడు? నాకు తెల్దే?"

"ఊరికే, వాళ్లకి కథ కావాలంటే సెప్పినాను."

"కథ కోసం నీ బాబు మీద సెప్తావేటి?" అని ఆలిస్ ఒక్కతే స్టేషనుకి వెళ్లిపోయింది.

మే నెలలో ఎంపికయ్యామని తెలిసింది. ఇక ఆ కథమీదే పాట రాయమన్నారు. గోల్‌బజార్ క్యాసెట్ల షాపులో నా డ్యూటీ అయ్యాక రెండు రోజులు కూర్చుని రాశాను. పేరు 'హామర్ హౌస్'. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నీకు వినిపించినప్పుడు "బాగున్నాది, గొంతు బాగా ఎత్తినావు" అన్నావు. అందులో ఏముందంటే, మా ఇంట్లో ఒక సుత్తి ఉంది, అది పాటలను చంపుతుంది, దాన్ని పట్టుకున్న చేతిని నేను నాన్న అని పిలిచాను అని ఉంది. చివరి చరణంలో ఇంకా ఘోరంగా ఉంది, అది ఇక్కడ రాయను.

పోయిన నెలలో వీడియో తీసిన తపన్ దా మంచివాడే. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి ఇలాంటి వీడియోల పద్ధతి చెప్పాడు. రాక్ పాటంటే ఏమేం కనపడాలో చూసేవాడికి ముందే తెలుసట. మన గుడిలో క్రిస్మస్ నాటకం సంగతే చూడు, హేరోదు రాజు ఎర్ర శాలువాతోనే రావాలి, గొల్లల్లో ఒకడి తలపాగా ఊడిపోవాలి, లేకపోతే జనం ఒప్పుకోరు. ఇదీ అంతే. ఖాళీ గోడౌను, పొగ, నేలంతా నీళ్లు. పెద్ద ఫ్యాను పెట్టి జుట్టు ఎగరేయాలి. కిటికీ దగ్గర తెల్లగౌనులో ఒక అమ్మాయి ఎవరినీ చూడకుండా నిలబడాలి. తల్లి ఏడవాలి. తండ్రి తలుపు తోసుకుని రావాలి, వాయిద్యం పగలాలి, పగిలిన క్షణాన పాట టక్కున ఆగి మళ్లీ రెట్టింపు హోరుతో లేవాలి. ఆఖరికి కొడుకు గిటారు ముక్కను భుజాన వేసుకుని పట్టాల వెంట వెళ్లిపోవాలి.

అందులో ఒక్కటి కూడా మన దగ్గర సవ్యంగా జరగలేదని నువ్వు కళ్లారా చూశావు. రైల్వే గోడౌనుకి పర్మిషన్ దొరకలేదు, మన క్వార్టరు ముందుగదే గోడౌను అయింది. పొగ మిషను ఆన్ చేయగానే పక్కింటి చిట్టెమ్మ అత్త "ఓలమ్మో, ఆమోసు బావ ఇల్లు తగలడిపోతన్నాది" అని అరిస్తే మన క్వార్టర్ల లైన్‌లో ఉన్నవాళ్లందరూ ఇసక బకెట్లతో వచ్చిపడ్డారు. తపన్ దా ఆపమనేలోపు సగం ఇసక డ్రమ్స్ మీద పోసేశారు. సుందర్ రాజుకి ఎగరడానికి జుట్టే లేదు, అప్రెంటిస్ ట్రైనింగులో కత్తిరించేశారు. కలకత్తా నుంచి తెచ్చిన విగ్గు పెడితే ఫ్యాను గాలికి అది వెళ్లి బావి గట్టు మీద పడింది. తెల్లగౌను ఆలిస్‌కి ఇస్తే, "నాను కీబోర్డు వాయిస్తాను. కిటికీకాడ నిలబడ్డానికి కర్టెన్ ఉన్నాది కదా, అది సాల్దా?" అంది. అమ్మ ఏడవాల్సిన చోట నీ ఇస్త్రీ యూనిఫారం చూసి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు నమ్మవు గానీ, ఆ టేపును నెమ్మదిగా తిప్పితే అచ్చం ఏడ్చినట్టే ఉంది. ఇక్కడ చూసినవాళ్లు అయ్యో అంటున్నారు.

మొదట తల పట్టుకున్న తపన్ దా సాయంత్రానికి మారిపోయాడు. ఇసక బకెట్లూ ఉంచుదాం, ఎగిరిపోయిన విగ్గూ ఉంచుదాం అన్నాడు. పద్ధతి తెలిసినవాడు కావాలని దాన్ని తప్పితే చూసేవాడికి మజా అట. చూసేవాడు "ఇప్పుడిది వస్తుంది" అనుకుంటాడు, అది రాదు, అప్పుడు లేచి కూర్చుంటాడు. "కానీ తండ్రి దగ్గర మాత్రం తప్పకూడదు. కంపెనీ మిమ్మల్ని తీసుకుందే ఆ సుత్తి కోసం" అని గట్టిగా చెప్పాడు.

అంతకుముందు వారం నేను నిన్ను అడిగినప్పుడు నువ్వేమన్నావో నాకు మాటకు మాట గుర్తుంది.

"ఏటి సెయ్యాలిరా నాను?"

"కోపంగా వచ్చి గిటారు పగలగొట్టాలి నాన్నా. కథ, అంతే."

"ఎవులి కథ?"

"ఎవులిదో."

"ఠీక్ హై. సుత్తి నాదే తెచ్చుకుంటాను. మందిది సేతికి కుదరదు."

ఇంకేమీ అడగలేదు నువ్వు. సగం రోజు సెలవు పెట్టి వచ్చావు. మొదటిసారి తలుపు తోసుకుని రమ్మంటే గడపలో కాళ్లు తుడుచుకుని వచ్చావు. రెండోసారి నా చేతిలోంచి గిటారు లాక్కోమంటే రెండు చేతులూ చాపి పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నావు. మూడోసారి సుత్తి ఎత్తావు. ఆ గిటారు పగలగొట్టడానికే తపన్ దా తెచ్చిన పాతది. నువ్వు సుత్తి దించి, దాని వీపు మీద చిన్నగా తట్టి, చెవి వంచి విన్నావు. జానెడు జరిగి మళ్లీ తట్టావు. అలా చుట్టూ తట్టుకుంటూ వెళ్లి ఒకచోట ఆగావు.

"ఒరే తీతూ, ఇది లోన పగిలున్నాదిరా. ఈ పక్క మోత సచ్చిపోనాది. బాగుసేసీదాకా వాయించకు" అన్నావు. జేబులోంచి సుద్దముక్క తీసి, పాడైన వ్యాగనుకు పెట్టినట్టు ఆ చోట ఇంటూ గుర్తు పెట్టి, గిటారును జాగ్రత్తగా గోడకి ఆనించావు. ఇసక బకెట్లవాళ్లతో సహా అందరూ పడిపడి నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. నేను మాత్రం వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను.

నువ్వు డ్యూటీకి వెళ్లిపోయాక ఏం జరిగిందో నీకు చెప్పలేదు. నీ పాత యూనిఫారం చొక్కా సుందర్ రాజుకి తొడిగి, ముఖం కనపడకుండా చేతులు మాత్రం తీస్తూ, ఆ గిటారును వాడి చేత ముక్కలు చేయించారు. కాబట్టి ఇప్పుడు టేపు మీద రెండూ ఉన్నాయి. తలుపు తోసుకుని నువ్వు రావడం, నీ ముఖం, నీ సుత్తి, ఆపైన వాడి చేతులు. కలిపి చూస్తే నువ్వే పగలగొట్టినట్టు ఉంది. కింద ఇంగ్లీషులో అక్షరాలు వేస్తారు: 'ఇది నిజంగా జరిగింది. ఇందులో కనిపించేది గాయకుడి సొంత తండ్రి.'

మంగళవారం టేపు కంపెనీకి ఇవ్వాలి. తపన్ దా రెండు రకాలుగానూ కూర్చి చూపించాడు. సుద్దగుర్తు పెట్టింది వేస్తే వీడియో బాగుంటుంది, కానీ పాట బోర్లా పడుతుంది, పాడేవాడు అబద్ధాలకోరని చూసినవాడికి తెలిసిపోతుంది, కంపెనీ ఏమంటుందో చెప్పలేనన్నాడు. పగలగొట్టింది వేస్తే తిరుగులేదన్నాడు. నువ్వే తేల్చుకో అన్నాడు.

నాకు ఇరవై ఆరేళ్లు వచ్చాయి నాన్నా. ఇలాంటి అవకాశం ఇంకోసారి రాదు. పగలగొట్టింది వేస్తే ఇందాలో, గోల్‌బజార్‌లో, మన లైన్‌లో కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లో నిన్ను అలా చూస్తారు. ఆదివారం గుడిలో నీ పక్కన కూర్చునేవాళ్లు చూస్తారు. నా సిగ్గు ఏమిటంటే, ఇదంతా తెలిసి కూడా నేను అదే పంపాలనుకుంటున్నాను. నీ దగ్గర ఒప్పుకోలు తీసుకుని పంపాలనుకుంటున్నాను, అప్పుడు తప్పు సగమైనా తగ్గుతుందని. నువ్వు నన్ను ఎప్పుడూ కొట్టనందుకు, నేను పాడుకోవడానికి నాకొక బాధ ఇవ్వనందుకు, ఏప్రిల్‌లో ఆ వరండాలో నిలబడి నీ మీద విసుక్కున్నాను. ఇంతకంటే నీచంగా ఏ కొడుకూ రాసి ఉండడు. సరేనంటావా, వద్దంటావా, నూకరాజు మావయ్య చేతే పంపించు.

నీ కొడుకు,
తీతు


నిమ్‌పురా, ఖరగ్‌పూర్
9 నవంబర్ 1996, శనివారం

నాయనా తీతూ,

నీ ఉత్తరం గురువారం పొద్దున్న నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద నూకరాజు నా చేతికిచ్చాడు. మెయిలు బండి వెళ్లాక బెంచీ మీద కూర్చుని చదివాను. జలుబు తగ్గినందుకు దేవునికి స్తోత్రం. ఇక్కడ చలి మొదలైంది. జవాబుకి రెండు రోజులు పట్టింది, నాకు రాయడం నిదానమని నీకు తెలుసు.

ఆ పాటలో మాటలు నాకు ముందే తెలుసు. సెప్టెంబర్‌లో గుడిలో క్వయర్ ప్రాక్టీసు అయ్యాక మీ అమ్మ ముచ్చటపడి ఆ పాటకు అర్థం చెప్పమని ఆలిస్‌ని అడిగింది. ఆ పిల్ల చెప్పనంది. మీ అమ్మ వదల్లేదు. చెప్పి ఆ పిల్లే ఏడ్చింది. మీ అమ్మ ఇంటికొచ్చి "మీరెప్పుడు కొట్టినారు వోడ్ని? ఎందుకిలా రాసినాడు?" అని నన్ను అడిగింది. ఊరికే కల్పించి ఉంటాడులే అన్నాను. నీతో ఏమీ అనవద్దని చెప్పాను. కాబట్టి ఎవరి కథరా అని నేను నిన్ను అడిగేసరికే నాకు తెలుసు.

తెలిసి ఎందుకు వచ్చానని నువ్వు అనుకుంటావు. నా మంచితనం అనుకోకు. కావాలనే వచ్చాను. ఆ గిటారు పగలగొట్టడానికే సుత్తి ఎత్తాను. నువ్వు కోరినట్టు చేసి, అక్కడితో నా లెక్క తీరిపోవాలని ఎత్తాను. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో ఆ సుత్తితో నేను ఏదీ పగలగొట్టలేదు. చెక్క తగలగానే చెయ్యి దాని అలవాటున అది పోయింది. లోపల పగులు వినపడింది. వినపడ్డాక చెప్పకుండా ఉండలేను, అది నా ఉద్యోగం. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. లోపల మాత్రం, ఈ పనీ సరిగ్గా చేయలేకపోయానే అనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది నిదానంగా చదువు. ఎనభైతొమ్మిది జూన్‌లో కలకత్తా హోటల్ బ్యాండులో వాయించడానికి నువ్వు వెళ్లి పరీక్ష ఇచ్చి వచ్చావు. నీకు పంతొమ్మిదేళ్లు. జవాబు రాస్తామన్నారని రెండు నెలలు పోస్ట్‌మన్ వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడ్డావు. జవాబు వచ్చింది తీతూ. రెండో వారంలోనే వచ్చింది. నేను డ్యూటీ దిగి వస్తుంటే పోస్ట్‌మన్ దారిలో నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. నిన్ను తీసుకున్నారు, వచ్చే సోమవారం గిటారుతో రమ్మన్నారు. అది రెండు రోజులు నా యూనిఫారం జేబులో ఉంది. మూడో రోజు చింపి ముక్కలు చేసి పట్టాల మధ్య పడేశాను. పైనుంచి ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది.

ఎందుకంటే, నా తమ్ముడు జ్ఞానరత్నం అలాంటి హోటల్లోనే ట్రంపెట్ వాయించాడు. నీకు నాలుగేళ్లప్పుడు మన ముందుగదిలోనే పోయాడు, తాగి తాగి. ఒంట్లో నీరు చేరి, ఆఖరికి నన్ను గుర్తుపట్టలేదు. నీకు అతని ముఖం గుర్తుండదు. ఆ కాగితం చదువుతుంటే నాకు అతని ముఖమే కనిపించింది. పైగా ఆ సెప్టెంబర్‌లోనే నీకు అప్రెంటిస్ పరీక్ష ఉంది. రైల్వేలో పడితే చాలు, బతికిపోతాడు అనుకున్నాను. హోటలువాళ్లు నిన్ను వద్దన్నారనుకుని నువ్వు ఆ పరీక్ష కూడా సరిగ్గా రాయలేదు. రెండూ పోయాయి. ఎనిమిది నెలలు గిటారు ముట్టుకోలేదు. గేటు దగ్గర నిలబడినప్పుడు "ఆలిసం అవుద్దిరా, పెద్ద హోటలు కదా, రాస్తార్లే" అని నీ వీపు తట్టినవాణ్ణి నేనే. ఆ కాగితం చించినదానికంటే ఆ మాట అన్నందుకు నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఏడేళ్లుగా చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆదివారం గుడిలో పాపపు ఒప్పుకోలు చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇదే గుర్తొచ్చేది. దేవుడికి చెప్పడం తేలికే, ఆయన ముందే ఎరుగును. నీకు చెప్పలేకపోయాను.

అందుకని ఆ పాటలో అర్థం మీ అమ్మ చెప్పిన రోజు నాకు చెమటలు పట్టాయి. వీడికి ఎలా తెలిసింది అనుకున్నాను. తెలియదని నీ ఉత్తరం చదివాక తెలిసింది. నువ్వు అబద్ధమనుకుని చెప్పావు గానీ అది జరిగింది. సుత్తితో జరగలేదు, శబ్దం రాలేదు, అంతే తేడా. కాబట్టి పగలగొట్టిందే పంపు. కింద నా పేరు కూడా వేయించు. ఊరు ఏమనుకుంటుందోనని నువ్వు భయపడకు. అనుకోనీ. లైన్‌లో ఎవరైనా అడిగితే అవునని చెబుతాను.

మీ అమ్మకు ఈ రోజే అన్నీ చెప్పాను. అన్నం పెట్టింది గానీ మాట్లాడటం లేదు.

ఆశీర్వాదాలతో,
నీ తండ్రి ఆమోసు


టాలీగంజ్, కలకత్తా
13 నవంబర్ 1996, బుధవారం

నాన్నకు,

నీ ఉత్తరం ఆదివారం అందింది. నాలుగుసార్లు చదివాను. చదివినప్పుడల్లా ఆ గేటే గుర్తొచ్చింది. దాని పై కడ్డీకి పచ్చరంగు పెచ్చులూడి ఉండేది, నిలబడి నిలబడి నేను గోటితో ఇంకాస్త గీకేవాణ్ణి. ఆ రెండు నెలలూ నాకు ఏ పనికీ అర్హత లేదనుకున్నాను. ఆ తరువాత కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ ఆదివారం మళ్లీ ఇంటికి రాకూడదని కూడా అనుకున్నాను, అది నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

సోమవారం తపన్ దా నా ముఖం చూసి ఏమైందని అడిగితే ఆపుకోలేక చెప్పేశాను. అతను లేచి నిలబడ్డాడు. సుత్తి కంటే ఇదే గొప్ప కథ, ఇప్పుడే ఖరగ్‌పూర్ వెళదాం, మీ నాన్న ప్లాట్‌ఫారం మీద ఉత్తరం చింపుతున్నట్టు తీద్దాం, ముక్కలు పట్టాల మీద ఎగరాలి, కంపెనీని నేను ఒప్పిస్తాను అన్నాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి. ఏప్రిల్‌లో ఆ బల్ల ముందు నా కళ్లు కూడా అలాగే మెరిసి ఉంటాయి. "దాదా, ఆ కథ నేను అమ్మను" అన్నాను. అతనికి నచ్చలేదు, కానీ మళ్లీ అడగలేదు.

మంగళవారం కంపెనీకి సుద్దగుర్తు పెట్టిందే ఇచ్చాం. నువ్వు గిటారు గోడకి ఆనించిన దగ్గర నుంచి ఇక మాటలు లేవు, ఆఖరి చరణం తీసేశాను. ఆలిస్ కీబోర్డు ఒక్కటే వినిపిస్తుంది. కింద అక్షరాలు వద్దన్నాను. వాళ్లు చూశారు. తరువాత ఆ కళ్లద్దాలావిడ అడిగింది, సుత్తి దెబ్బ ఏదీ అని. కొట్టలేదండీ, ఏప్రిల్‌లో నేను అబద్ధం చెప్పాను అన్నాను. మమ్మల్ని ఆ మూడింటిలోంచి తీసేశారు. మా చోట ఆ క్యాసెట్లు తగలబెట్టించుకున్నవాడి బ్యాండును పెట్టారు. సుందర్ రాజు హౌరా దాకా నన్ను తిడుతూనే వచ్చాడు, తను రైలెక్కే ముందు మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. ఆలిస్ తన డబ్బాలో మిగిలిన పూరీలు నాకు పెట్టింది. షాపులో నా పని నాకు ఉంది, శనివారం దాకా సెలవు చెప్పాను.

నువ్వు పగలగొట్టింది పంపమన్నావు. నేను నీ మాట వినకపోవడం నీ మీద జాలితో కాదు, నువ్వు మంచివాడివని ఊరికి చూపించాలనీ కాదు. నువ్వు చేసినది మంచిపని కాదు నాన్నా. జ్ఞానరత్నం చిన్నాన్న సంగతి నాకు చెప్పి ఉంటే నేను వెళ్లేవాణ్ణో, మానేవాణ్ణో, నా అంతట నేనే తేల్చుకునేవాణ్ణి. ఆ అవకాశం నువ్వు నాకు ఇవ్వలేదు. నేను నీకు చేయబోయినది కూడా అదే కాబట్టి ఈ మాట నాకు రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

నాకు నీ మీద కోపంగా ఉంది. ఇది కల్పించింది కాదు, పొద్దున్న లేవగానే ఉంటోంది, అన్నం ముందు కూర్చుంటే ఉంటోంది. దీని మీద పాట రాయను. శనివారం మధ్యాహ్నం లోకల్లో వచ్చి నీకే చెబుతాను. "ముందు తిను" అనకు. అమ్మను చిట్టెమ్మ అత్త ఇంటికి పంపించి, నువ్వు ఇంట్లో ఉండు.

తీతు